లేసర్ కిరణము – కంటి వెలుగు

ఇంద్రియాలన్నింటిలోను నయనమే ప్రధానమైనదని మన పెద్దలు చెప్పారు. తెలుగు తల్లి తన బిడ్డను "నా కంటి వెలుగు" అని ముద్దు చేస్తుంది. ఉర్దూ మాట్లాడే తల్లి అదే బిడ్డను "నూరె నజర్" అని పిలుస్తుంది. ఈ రెండు భాషలు ప్రక్క ప్రక్కనే వినిపించే మా కళాశాలలో ఆ రెండు మాటలకు అర్థం ఒక్కటేనని ఎవరికీ వేరుగా చెప్పవలసిన పని లేదు. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ప్రజలందరికీ కంటి పరీక్షలు జరిపే పథకాన్ని ప్రారంభించినప్పుడు దానికి పెట్టిన పేరు కూడ "కంటి వెలుగు" అన్నదే.

అట్టి కంటి వెలుగుకు వెలుగు వలననే హాని కలిగితే? ఆ హానిని, కన్నును కోయకుండ, కనీసం తాకనైనా తాకకుండ, వైద్యుడు ఎట్లు చూడగలుగుతున్నాడు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాసంలోని మా ప్రయత్నం. ఈ విషయాన్ని మేము ఎన్నుకొనడానికి ఒక కారణం ఉన్నది. దానిని మొదట విన్నవించుకుంటాము.

గత సంవత్సరం మా మిత్రబృందంలో ఒకడు దిల్‌సుఖ్‌నగర్ కాలిబాటపై కలము వంటి ఒక లేసర్ దీపాన్ని కొన్నాడు. మీట నొక్కితే పచ్చని గీత వంటి కాంతి వెలువడుతుంది. ఆ రాత్రి చైతన్యపురిలోని వసతిగృహం డాబాపై మేమందరము చేరి దూరాన ఉన్న నీటి తొట్టెలపైన, ప్రకటన పలకలపైన, మెట్రో స్తంభాలపైన ఆ పచ్చని చుక్కను ఆడించి ఆనందించాము. తరువాత పందెం మొదలయింది: రెప్ప వేయకుండ ఈ వెలుగును ఎవరు ఎక్కువసేపు చూడగలరు? మా అందరిలో చిన్నవాడు, డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థి, ఆ పందెం గెలిచాడు. వానికి నొప్పి కలుగలేదు, కన్ను ఎర్రబడలేదు, నీరు కారలేదు. మరునాడు పుస్తకం తెరిచినప్పుడు మాత్రం తాను చూడదలచిన అక్షరమే కనిపించకుండ పోయింది. చుట్టూ ఉన్న అక్షరాలు కనిపిస్తున్నవి, మధ్యనున్నది లేదు. భయము వలన, సిగ్గు వలన పది దినములు ఎవరికీ చెప్పలేదు. చివరకు మేమే వానిని కంటి వైద్యుని వద్దకు తీసుకొనిపోయాము.

వైద్యుడు వాని గడ్డాన్ని ఒక యంత్రంపై ఆనించి, లోపల కనిపించే చిన్న గుర్తును చూడుమన్నాడు. కొన్ని క్షణాలలో తెరపై ఒక చిత్రం కనిపించింది. ఒకదానిపై ఒకటి పరచిన పొరల చిత్రమది. ఆ పొరలలో ఒక తెల్లని గీత ఎడమ నుండి కుడికి నిండుగా సాగి, సరిగా మధ్యకు వచ్చినంతనే తెగిపోయి, కొంత దూరం తరువాత మరల మొదలయింది. "ఈ తెగిన చోటే నీకు కనిపించని అక్షరం" అని వైద్యుడు అన్నాడు. ఆ చిత్రాన్ని మేమందరము చూచాము. ఆ తెగిన గీత ఏమిటి, అది ఎందుకు తెగినది, దానిని యంత్రం ఎట్లు చూచినది అన్నదే ఇక చెప్పబోయే విషయం.

నేత్రపటలం

కంటిలోనికి వెలుగు ఎట్లు వస్తుందన్న ప్రశ్న చాల ప్రాచీనమైనది. కంటి నుండియే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతవని యూక్లిడ్ వంటి ప్రాచీన గ్రీకు పండితులు నమ్మారు. ఈ భావాన్ని సహేతుకంగా ఖండించినవాడు బస్రా నగరంలో జన్మించి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైసమ్. పదకొండవ శతాబ్దం తొలి దశకాలలో రచించిన "కితాబుల్ మనాజిర్" అనే గ్రంథంలో ఆయన, వెలుగు బయటి నుండియే కంటిలోనికి వస్తుందని వాదించాడు. ఆ వాదానికి ఆయన చూపిన తొలి నిదర్శనాలలో ఒకటి మన విషయానికి మిక్కిలి దగ్గరైనది: సూర్యుని తేరిపార చూచినవాని కన్ను నొప్పి చెందుతుంది. కన్ను తానే కిరణాలను పంపేదైతే ఆ బాధ ఎందుకు కలగాలి? వెలుగు కంటికి హాని చేయగలదన్న అనుభవం నుండియే, వెలుగు కంటిలో ప్రవేశిస్తుందన్న సత్యాన్ని ఆయన నిరూపింపజూచాడు. తరువాత 1604లో కెప్లర్, కంటి వెనుక గోడపైననే బొమ్మ ఏర్పడుతుందని వివరించాడు.

ఆ వెనుక గోడకు లోపలివైపున అతికి ఉన్న పలుచని పొరయే నేత్రపటలం, అనగా రెటీనా. దీనిని లాటిన్, అరబ్బీ, ఉర్దూ భాషలు వలతో పోల్చినవి. లాటిన్‌లో "రెటె" అనగా వల. అరబ్బీ, ఉర్దూలలో "శబకియా" అనే మాట కూడ వలను తెలిపే "శబక" నుండియే పుట్టింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలను ఉర్దూలో బోధించిన కాలంలో, దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం విజ్ఞాన గ్రంథాలను ఆ భాషలోనికి తెచ్చింది. మన తెలుగు మాట మాత్రం దానిని పటలం, అనగా పొర అన్నది. వల అన్నను, పొర అన్నను రెండూ నిజమే. దాని మందము ఒక మిల్లీమీటరు కంటె చాల తక్కువ. ఆ కొద్దిపాటి మందంలోనే దాదాపు 12 కోట్ల దండకణాలు, 60 లక్షల శంకుకణాలు, వాటి సమాచారాన్ని మెదడుకు చేర్చే నాడీకణాలు పొరలు పొరలుగా అమరి ఉన్నవి. దండకణాలు మసక వెలుతురులో చూపునిస్తవి. శంకుకణాలు రంగులను, సూక్ష్మమైన వివరాలను తెలుపుతవి.

నేత్రపటలం మధ్యభాగాన్ని మాక్యులా అంటారు. దాని నడుమ ఫోవియా అనే చిన్న గుంట ఉన్నది. శంకుకణాలు మిక్కిలి ఒత్తుగా ఉండేది అక్కడనే. మనము ఒక అక్షరాన్ని చదివినా, సూదిలో దారం ఎక్కించినా, దూరాన వచ్చే బస్సు నంబరును గుర్తించినా ఆ చిన్న గుంటతోనే. మనము దేనిని సూటిగా చూస్తామో దాని బొమ్మ అక్కడనే పడుతుంది. కాబట్టి లేసర్ దీపాన్ని సూటిగా చూచినవాడు, తన చూపులో అత్యంత విలువైన భాగాన్ని తానే ఆ కిరణానికి ఎదురుగా నిలబెట్టినవాడవుతాడు. మా మిత్రునికి సరిగా మధ్య అక్షరమే పోవడానికి కారణమిదే.

లేసర్ వెలుగు ఎందుకు వేరైనది

లేసర్ దీపాన్ని 1960 మే 16న అమెరికాలో థియొడర్ మైమన్ మొదటిసారి వెలిగించాడు. అది కెంపు స్ఫటికంతో చేసినది. సాధారణ దీపం వెలుగు అన్ని దిక్కులకూ చెదరిపోతుంది. లేసర్ వెలుగు చెదరదు, సమాంతరంగా సాగిపోతుంది. సమాంతరంగా వచ్చిన వెలుగును ఒక్క బిందువు వద్దకు చేర్చడమే కంటిలోని కటకం చేసే పని. ఎండలో భూతద్దం పట్టుకొని కాగితాన్ని కాల్చిన బాలుడెవడైనను ఈ సంగతిని ఎరుగును. తేడా ఏమనగా, ఇక్కడ భూతద్దమూ మనదే, కాగితమూ మనదే.

కొంచెం లెక్క వేసి చూద్దాము. చీకటిలో కంటిపాప 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకొంటుంది. అందులో ప్రవేశించిన లేసర్ కిరణం నేత్రపటలంపై సుమారు 20 మైక్రానుల చుక్కగా కుదించుకొంటుంది. ఒక మైక్రాను మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అనగా వెడల్పు 350 రెట్లు తగ్గినది, వైశాల్యం 350ని 350తో గుణించినన్ని రెట్లు తగ్గినది. కాబట్టి ఆ వెలుగు తీవ్రత లక్ష రెట్లకు మించి పెరుగుతుంది. సూర్యుని బొమ్మ నేత్రపటలంపై మిల్లీమీటరులో ఆరవ వంతు వెడల్పున పరుచుకొంటుంది. లేసర్ చుక్క అంతకంటె ఎన్నో రెట్లు చిన్నది. అందువలన ఒక్క మిల్లీవాట్టు, అనగా వాట్టులో వెయ్యవ వంతు శక్తి గల లేసర్ కూడ ఆ చుక్కలో మధ్యాహ్న సూర్యుని బొమ్మ కంటె సుమారు 20 రెట్లు తీవ్రంగా ఉంటుంది. కన్ను ఎల్లప్పుడూ సన్నగా కదలుతూ ఉండడం వలన, తీవ్రమైన వెలుగు పడిన నాలుగవ వంతు సెకనులో రెప్ప వాలడం వలన మాత్రమే ఆ చిన్న లేసర్ నుండి మనము సాధారణంగా తప్పించుకొంటున్నాము. రెప్ప వేయనని పందెం కట్టినవాడు ఆ రక్షణను తానే వదులుకొంటున్నాడు.

అన్ని లేసర్లు నేత్రపటలాన్ని చేరవు. 400 నానోమీటర్ల నుండి 1400 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యం గల కిరణాలే కంటి పారదర్శక భాగాలను దాటి లోపలికి పోతవి. జ్ఞాపికలపై పేర్లు చెక్కే కార్బన్ డయాక్సైడ్ లేసర్ కిరణం 10,600 నానోమీటర్లది. అది కంటి ముందరి పొరను కాల్చగలదు గాని నేత్రపటలం వరకు రాదు. 700 నుండి 1400 వరకు ఉన్న పరారుణ కిరణాలు మరింత మోసకరమైనవి. అవి నేత్రపటలాన్ని చేరతవి, కాని కంటికి దాదాపుగా కనిపించవు. కనిపించని వెలుగుకు రెప్ప వాలదు.

హాని కలిగే విధాలు

శంకుకణాల వెనుక మెలనిన్ అనే నల్లని వర్ణకంతో నిండిన కణాల వరుస ఒకటి ఉన్నది. చెదరిన వెలుగును పీల్చుకొని బొమ్మను స్పష్టంగా ఉంచడం దాని పనులలో ఒకటి. నల్లని గుడ్డ ఎండలో త్వరగా వేడెక్కినట్లు, లేసర్ పడినప్పుడు మొదట వేడెక్కేది ఆ వరుసయే. హాని మూడు విధాలుగా జరుగుతుంది.

మొదటిది వేడి వలన. శరీరపు మామూలు వేడి కంటె పది డిగ్రీల మేరకు పెరిగినను ఆ కణాలలోని మాంసకృత్తులు చెడడం మొదలవుతుంది. ఇంకను పెరిగితే, కోడిగుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టినట్లు అవి గడ్డకడతవి. ఆ వేడి ప్రక్కనున్న శంకుకణాలకు పాకుతుంది. రెండవది రసాయనిక మార్పు వలన. నీలి వెలుగు ఎక్కువ సేపు పడినచో వేడి పెరగకపోయినను కణాలలో హానికరమైన రసాయనిక చర్యలు జరుగుతవి. గ్రహణాన్ని తేరిపార చూచినవారికి కలిగే హానిలో దీని పాత్ర ప్రధానమైనది. మూడవది తాకిడి వలన. సెకనులో నూరు కోట్ల వంతుల లెక్కలో ఉండే అతి స్వల్పకాలపు స్పందనలుగా వెలువడే లేసర్లలో శక్తి అంతయు ఒక్క రెప్పపాటులో సహస్రాంశమైనా గడవక ముందే విడుదలవుతుంది. మెలనిన్ రేణువుల చుట్టూ సూక్ష్మమైన బుడగలు ఏర్పడి పగులుతవి, రక్తనాళాలు చిట్లుతవి. మొదటి రెండింటిలోను నొప్పి ఉండకపోవచ్చును. నేత్రపటలానికి వెలుగును గ్రహించే శక్తి ఉన్నది గాని నొప్పిని తెలిపే నాడులు లేవు. మా మిత్రుడు పందెం గెలిచినాననుకొన్నది ఇందువలననే.

సజీవ నేత్రంలోనికి చూపు

ఒకప్పుడు నేత్రపటలంలో ఏమి జరిగినదో తెలియాలంటే కన్నును తీసి, కోసి, సూక్ష్మదర్శినిలో చూడవలసి వచ్చేది. 1851లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపు అనే పరికరాన్ని ప్రకటించినప్పుడు సజీవ నేత్రపు లోపలి గోడ మొదటిసారి వైద్యునికి దర్శనమిచ్చింది. 1961లో అమెరికాలో నోవట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు, ఫ్లోరెసీన్ అనే రంగును రక్తంలోనికి ఎక్కించి నేత్రపటలపు రక్తనాళాలను ఫొటోలు తీయవచ్చునని చూపారు. ఈ రెండు పద్ధతులలోను నేత్రపటలం ఎదుటి నుండి మాత్రమే కనిపిస్తుంది. లోతు తెలియదు. గోడ రంగు తెలియును గాని, గోడలో ఏ వరుస ఇటుక పగిలినదో తెలియదు.

ఆ లోతును చూపినది 1991లో "సైన్స్" పత్రికలో వెలువడిన ఒక పరిశోధన. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన జేమ్స్ ఫుజిమోటో, డేవిడ్ హువాంగ్, ఎరిక్ స్వాన్సన్ ప్రభృతులు రూపొందించిన ఈ పద్ధతికి ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ అని పేరు. వైద్యులు క్లుప్తంగా ఓసీటీ అంటారు. 1993 నాటికి సజీవ మానవ నేత్రాల చిత్రాలు వెలువడినవి. పై మువ్వురికీ 2023లో లాస్కర్ పురస్కారం లభించింది. మా మిత్రుడు గడ్డం ఆనించినది ఈ యంత్రంపైననే.

దీని సూత్రం తెలుసుకొనదగినది. గోలకొండ కోట ద్వారం వద్ద చప్పట్లు కొట్టి, ఆ శబ్దం ఎంత దూరం పోయి ఎట్లు ప్రతిఫలిస్తుందో పరీక్షించని హైదరాబాదు విద్యార్థి అరుదు. బావిలోనికి కేక వేసి, ప్రతిధ్వని వచ్చిన వ్యవధిని బట్టి లోతును ఊహించవచ్చును. ఓసీటీ ఈ పనినే వెలుగుతో చేస్తుంది. నేత్రపటలపు ఒక్కొక్క పొర నుండి కొద్దికొద్దిగా వెలుగు తిరిగి వస్తుంది. ముందు పొర నుండి ముందు, వెనుక పొర నుండి తరువాత. కాని వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోయేది. 5 మైక్రానుల తేడా గల రెండు పొరల ప్రతిధ్వనుల మధ్య వ్యవధి, సెకనును పది లక్షల కోట్ల భాగాలు చేయగా వచ్చిన ఒక్క భాగంలో సగం మాత్రమే. అంతటి వ్యవధిని కొలిచే గడియారం లేదు. కాబట్టి శాస్త్రజ్ఞులు గడియారాన్ని విడిచి, వ్యతికరణాన్ని ఆశ్రయించారు. ఒకే వెలుగును రెండుగా చీల్చి, ఒక పాయను కంటిలోనికి, మరొక పాయను ఒక అద్దం వైపునకు పంపుతారు. రెండూ తిరిగివచ్చి కలసినప్పుడు, అవి నడచిన దూరాలు సమానమైన చోట మాత్రమే వెలుగు చారలు ఏర్పడతవి. ఆ చారలను బట్టి ఏ లోతు నుండి ఎంత వెలుగు తిరిగివచ్చినదో గణిస్తారు. ఇట్టి రేఖలను వేల సంఖ్యలో ప్రక్కప్రక్కన పేర్చితే పొరల చిత్రం వస్తుంది. దీనికి వాడే కాంతి సాధారణంగా 840 నానోమీటర్ల ప్రాంతంలోని పరారుణ కాంతి. దాని శక్తి ఒక మిల్లీవాట్టు కంటె తక్కువ. హాని చేసే కిరణానికి చుట్టమైన కిరణమే, మితంగా వాడినప్పుడు, హానిని చూపే కిరణమవుతున్నది.

లేసర్ తగిలిన కంటిలో ఓసీటీ చూపే చిహ్నాలు ఇప్పుడు వైద్యులకు బాగుగా పరిచితమైనవి. శంకుకణాల లోపలి, వెలుపలి భాగాల సంధి వద్ద ఉండే తెల్లని గీత తెగిపోతుంది. దాని వెనుకనున్న నల్లని వర్ణక కణాల వరుస చెదరుతుంది. కొందరిలో పొరల గుండా నిలువుగా ఒక తెల్లని చార కనిపిస్తుంది. శక్తివంతమైన లేసర్ అయితే రక్తస్రావం గాని, మాక్యులాలో రంధ్రం గాని ఏర్పడుతుంది. అన్నింటికంటె ముఖ్యమైన లాభం ఏమనగా, అదే కన్నును మరునాడు, మరు వారం, ఆరు నెలల తరువాత మరల మరల చూడవచ్చును. గాయం పుట్టుకను మాత్రమే గాక దాని జీవితాన్ని అంతయు చదువవచ్చును.

నక్షత్రాల నుండి శంకుకణాలకు

ఓసీటీ పొరలను చూపుతుంది. ఒక్కొక్క శంకుకణాన్ని విడివిడిగా చూపగల పద్ధతి వేరొకటి ఉన్నది. ఆ పద్ధతి ఖగోళశాస్త్రం నుండి వచ్చినది. ఎల్.బి. నగర్ చౌరస్తా నుండి నాగార్జునసాగర్ రహదారి దిక్కున పోతే ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో నెలకొల్పిన జపాల్–రంగాపూర్ వేధశాల ఉన్నది. 48 అంగుళాల దూరదర్శినితో ప్రసిద్ధి చెందిన ఆ వేధశాల 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడంలో పాలుపంచుకొన్నది. ఆనాడు కన్నులకు హాని కలుగునన్న భయంతో పట్టపగలే వీధులు నిర్మానుష్యమైన సంగతిని మా పెద్దలు నేటికిని చెప్పుకొంటారు.

ఏ దూరదర్శినికైనను భూవాతావరణం ఒక అడ్డు. గాలి కదలికల వలన నక్షత్రం మినుకుమినుకుమంటుంది, బొమ్మ చెదరుతుంది. అద్దం ఆకారాన్నే క్షణక్షణం మార్చి ఆ చెదరును సరిదిద్దవచ్చునని 1953లో హోరేస్ బాబ్‌కాక్ సూచించాడు. కంటి కటకం, దాని ముందరి పొర కూడ దోషరహితమైనవి కావు. అవి కూడ వెలుగును వంకరలు తిప్పుతవి. ఆ వంకరలను కొలిచి, వంగే అద్దంతో సరిదిద్ది, సజీవ మానవ నేత్రంలోని శంకుకణాలను ఒక్కొక్కటిగా స్పష్టంగా చూపిన పరిశోధన 1997లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుండి డేవిడ్ విలియమ్స్ బృందం వెలువరించింది. శంకుకణం వెడల్పు కొన్ని మైక్రానులు మాత్రమే. తేనెపట్టు గదుల వలె అమరిన ఆ కణాలలో ఏవి మిగిలినవి, ఏవి పోయినవి అన్నది ఈ పద్ధతిలో లెక్కించవచ్చును.

లేసర్‌కు ఎంత వరకు హద్దు ఉండవలెనన్నది ఇట్టి పరిశీలనల వలన, అంతకు ముందు జంతువులపై జరిగిన ప్రయోగాల వలన నిర్ణయమైనది. అమెరికాలో లేసర్ భద్రతా ప్రమాణం 1973లో తొలిసారి వెలువడింది. మనుష్యుల కన్నుల నుండి కూడ ఈ జ్ఞానం కొంత లభించింది. క్యాన్సర్ వలన కన్నును తీసివేయవలసి వచ్చిన కొందరు, తీయబోయే ముందు ఆ కంటిని పరీక్షకు ఇచ్చారు. మేయో క్లినిక్ వైద్యులు వారి కన్నులలో లేసర్ పాయింటర్ వెలుగును ప్రసరింపజేసి పరిశీలించారు. 2000లో ప్రకటించిన ఫలితాలలో 5 మిల్లీవాట్ల వరకు గల ఎరుపు పాయింటర్ల వలన హాని కనిపించలేదు. 2005లో ప్రకటించిన పరిశీలనలో అదే శక్తి గల ఆకుపచ్చ పాయింటర్, ఒక నిమిషం వెలుగుకే నేత్రపటలంపై గుర్తు మిగిల్చింది. తమకు ఇక పనికిరాని కన్నును పరుల కన్నుల రక్షణ కొరకు ఇచ్చిన ఆ అజ్ఞాత వ్యక్తులకు లోకం ఋణపడి ఉన్నది.

కాల్చే కిరణమే కాపాడే కిరణము

లేసర్‌ను శత్రువుగా మాత్రమే చూపి ముగిస్తే అది అసత్యమవుతుంది. 1945 జులైలో సూర్యగ్రహణాన్ని చూచి మాక్యులా కాలిన ఒక రోగిని పరీక్షించిన జర్మన్ వైద్యుడు మేయర్ ష్వికెరాత్‌కు, ఇట్టి కాల్పును అదుపులో ఉంచి వైద్యానికి వాడరాదా అన్న ఆలోచన కలిగింది. మొదట సూర్యకాంతితోను, తరువాత జెనాన్ దీపంతోను ఆయన నేత్రపటలానికి చికిత్స చేశాడు. లేసర్ వచ్చిన తరువాత ఆ పని సూక్ష్మమైనది. మధుమేహం వలన నేత్రపటలంలో పెళుసైన రక్తనాళాలు పుట్టుకొని వచ్చినప్పుడు, మధ్యభాగాన్ని విడిచి చుట్టుప్రక్కల వందలాది చిన్న చుక్కలుగా లేసర్‌తో కాల్చుతారు. ఈ చికిత్స తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 1976లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన నిరూపించింది. కొంత చూపును బలి ఇచ్చి ఎక్కువ చూపును నిలబెట్టుకొనే ఉపాయమిది.

మన నగరంలో ఈ విద్యకు గొప్ప నిలయాలున్నవి. మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి పేదలకు చిరకాల ఆశ్రయం. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ, సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి వితరణతో 1987లో వెలసింది. దానిని స్థాపించిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1986 వరకు పనిచేసినది, పైన చెప్పిన రోచెస్టర్ విశ్వవిద్యాలయంలోనే. ఆ సంస్థలోని కానూరి శాంతమ్మ నేత్రపటల వ్యాధుల కేంద్రంలో ఓసీటీ నిత్య పరికరం. నేత్రపటలం వెనుక రక్తపటలం మందాన్ని ఓసీటీ చిత్రాల నుండి గణకయంత్రమే స్వయంగా కొలిచే పద్ధతులపై ఆ సంస్థ, ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు కలసి పనిచేశారు. నెలలు నిండకుండ పుట్టిన శిశువుల నేత్రపటలంలో రక్తనాళాలు అపక్రమంగా పెరిగి అంధత్వం కలిగే ప్రమాదం ఉన్నది. హైదరాబాదు, సికింద్రాబాదులలోని శిశు విభాగాలకు వైద్యులు స్వయంగా పోయి ఆ శిశువుల కన్నులను పరీక్షించి, అవసరమైన వారికి లేసర్ చికిత్స చేసే కార్యక్రమం 1990ల చివరి భాగంలోనే ఇక్కడ ఆరంభమైనది. మా డాబాపై ఒక చూపును పాడుచేసిన అదే జాతి కిరణం, అదే నగరంలో పసికందుల చూపును నిలబెడుతున్నది. తేడా కిరణంలో లేదు, దానిని పట్టిన చేతిలో ఉన్నది.

ఈ వివేకాన్ని దేశాలు కూడ గుర్తించినవి. యుద్ధంలో మనుష్యులను శాశ్వతంగా గ్రుడ్డివారిని చేసే లేసర్ ఆయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 1995 అక్టోబరులో వియన్నాలో కుదిరి 1998లో అమలులోనికి వచ్చినది. భారతదేశం కూడ అందులో ఉన్నది. శత్రు సైనికుని కంటికి లభించిన రక్షణ మన మిత్రుని కంటికి మనము ఇయ్యలేమా?

మన వీధులలో, మన వేడుకలలో

లేసర్లను వాటి శక్తిని బట్టి తరగతులుగా విభజించారు. ఒక మిల్లీవాట్టుకు మించని కనిపించే లేసర్ రెండవ తరగతి. 5 మిల్లీవాట్ల వరకు మూడవ తరగతి "ఆర్". 500 మిల్లీవాట్ల వరకు మూడవ తరగతి "బి". ఆ పైన నాలుగవ తరగతి. రెండవ తరగతి వద్ద రెప్ప మనలను కాపాడుతుంది. మూడవ తరగతి "బి" వద్ద రెప్ప వాలేలోపలనే గాయం కావచ్చును. చీటీపై వ్రాసినదే లోపల ఉంటుందన్న నమ్మకం కూడ లేదు. 2013లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 122 పాయింటర్లను పరీక్షించగా, ఎరుపువాటిలో 44 శాతం, ఆకుపచ్చవాటిలో 90 శాతం భద్రతా నియమాలను మీరి ఉన్నవి. చవకరకం ఆకుపచ్చ లేసర్లలో పరారుణ కిరణాన్ని ఆకుపచ్చగా మార్చే ఏర్పాటు ఉంటుంది. దానిని అడ్డగించే వడపోత గాజును మానివేస్తే, పచ్చని వెలుగుతో పాటు కనిపించని కిరణం కూడ బయటికి వస్తుంది.

పాయింటర్ల కంటె పెద్దవి వేడుకలలోని లేసర్ దీపాలు. పెండ్లి ఊరేగింపులలో, పండుగ ఊరేగింపులలో ఇవి ఇప్పుడు సాధారణమైనవి. 2022లో కొల్హాపూర్‌లో గణేశ ఊరేగింపుల తరువాత నేత్రపటలంలో రక్తస్రావంతో రోగులు వచ్చినట్లు అక్కడి నేత్రవైద్యులు తెలిపారు. 2024లో పూణెలో ఉత్సవాలలో లేసర్ కిరణాల వాడకాన్ని నిషేధించారు. సరూర్‌నగర్ చెరువు గట్టున నిమజ్జనానికి చేరే జనం గాని, మిలాద్ ఊరేగింపులో నడిచే జనం గాని ఎంతటివారో మన ప్రాంతంవారికి తెలియును. తండ్రి భుజాలపై కూర్చున్న పసివాని కన్ను జనం తలలకు పైన, సరిగా ఆ కిరణాల ఎత్తున ఉంటుంది. ఇట్టి దీపాల కిరణం సూటిగా పడి ఫోను కెమెరాలు చెడిన సంఘటనలు కూడ ఉన్నవి. కెమెరాను మార్చుకొనవచ్చును. నేత్రపటలాన్ని మార్చే విద్య ఇంకను లేదు.

లేసర్ పాయింటర్ గాయానికి నిరూపితమైన ఔషధం లేదు. కొందరిలో నెలల కాలంలో గాయం కొంత మానుతుంది, కొందరిలో మచ్చ నిలిచిపోతుంది. కాబట్టి నివారణమే వైద్యం. ఏ లేసర్‌ను గాని కంటిలోనికి, అద్దంపైకి, వాహనాలపైకి త్రిప్పరాదు. పిల్లలకు ఆటవస్తువుగా ఇయ్యరాదు. కంటిలో పడినదని అనుమానం కలిగితే ఒక కన్ను మూసి, గ్రాఫు పుస్తకంలోని గళ్ళను రెండవ కంటితో చూడవలెను. గీతలు వంకరగా గాని, మధ్యలో తెగినట్లు గాని కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పోవలెను. స్విట్జర్లాండ్ వైద్యుడు ఆమ్‌స్లర్ పేరున ప్రసిద్ధమైన పరీక్ష ఇదియే. సిగ్గుతో పది దినములు దాచిపెట్టడం మాత్రం తగదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవులు మూడు. వార్షికోత్సవ వేదికకు దీపాలు అమర్చే వారితో, లేసర్ కిరణాలు ప్రేక్షకుల తలలకు బాగుగా ఎత్తుననే సాగవలెనని, లేనిచో అసలే వద్దని ముందుగా ఒప్పందం చేసుకొనవలెను. తరగతి గదులలో వాడే పాయింటర్లు ఒక మిల్లీవాట్టుకు మించనివై ఉండవలెను. సంవత్సరానికొకసారి విద్యార్థులందరికీ కంటి పరీక్ష జరిపించవలెను. వీనికి అయ్యే ఖర్చు స్వల్పం.

మా మిత్రుడు ఆరు నెలల తరువాత మరల అదే యంత్రంపై గడ్డం ఆనించాడు. ఈసారి తెల్లని గీతలో తెగిన చోటు కొంత చిన్నదయినది, కాని పూర్తిగా కలియలేదు. ఇప్పుడు వాడు చదువగలుగుతున్నాడు. సన్నని అక్షరాలు వచ్చినప్పుడు మాత్రం పుస్తకాన్ని కొంచెం ప్రక్కకు జరిపి, మధ్యనున్న ఆ మసకను తప్పించి చదువుకొంటాడు. పరీక్షలో ప్రశ్నపత్రం చదవడానికి వానికి మనకంటె ఎక్కువ సమయం పడుతుంది. ఆ రాత్రి డాబాపై ఆ దీపాన్ని ఒకరి చేతి నుండి మరొకరి చేతికి అందించినవారము మేమందరము. కాబట్టి ఈ వ్యాసాన్ని "మేము" అని వ్రాశాము.